గుర్రం వచ్చిన దారి

ఆదివారం, రాత్రి

తమ్ముడు నాగరాజుది ఇవాళంతా ఫోన్లో జగడమే. మా చిన్నప్పుడు ఆదివారాలు టీవీలో వచ్చిన గుర్రం సీరియల్‌ను ఇప్పుడు సినిమాగా తీశారు. సినిమా చివర్లో ఆ గుర్రం చచ్చిపోతుంది. "పాతదాంట్లోనూ చచ్చిపోయింది, నువ్వసలు చూశావా?" అని వాట్సాప్ గ్రూపులో ఎవరెవరో వాణ్ణి ఎగతాళి చేస్తున్నారు.

"మా అక్క చూసిండాది. గుర్రం బతికే ఇంటికొచ్చె!" అని వీడి పంతం.

నేను చూడలేదు. చివరి భాగం వచ్చిన ఆదివారం మా ఊరు బలసముద్రంలో కరెంటు పోయింది. నేను పావగడలో మామ ఇంట్లో ఉన్నాను కాబట్టి చూసుంటానని వీడి నమ్మకం. అక్కడా పోయింది. మర్నాడు ఇంటికొస్తే వీడు అన్నం ముట్టకుండా కూర్చున్నాడు. ఏం చెయ్యను, చూసినట్టే కథ కట్టి గుర్రాన్ని నేనే ఇంటికి చేర్చాను.

సాయంత్రం గ్రూపుకు నా మాట రికార్డు చేసి పంపాలని ఫోన్ నా నోటి దగ్గర పెట్టాడు. "నువ్వే చెప్పక్కా, వాళ్లకి బుద్ధొస్తాది."

నిజం చెబుదామనే నోరు తెరిచాను. వీడి మొహం చూసి, "ఔను, వచ్చింది" అన్నాను.

ఏ దారిన వచ్చిందని ఎవరో అడిగారు. వీడు గర్వంగా, "శెనక్కాయ చేన్లోంచి, కుంటుకుంటా వచ్చె" అన్నాడు.

అప్పట్లో నాకు తెలిసిన దారి మా చేనొక్కటే. ఇప్పుడు దాని నిండా సోలార్ ప్లేట్లు. వాటిని కడిగేది వీడే.