నువ్వు పంపిన చక్రాలు

రుమైథియా, కువైట్
2024 అక్టోబరు 8, మంగళవారం

అమ్ఘరాలో పాత సామాన్ల యార్డులో పని చేసే నా చిన్న కొడుకు ముబీన్‌కు,

అస్సలాము అలైకుమ్. నువ్వు ఒంట్లో బాగుండాలని ఐదు పూటలా అడుగుతూనే ఉన్నాను. నీమీద కోపం వచ్చాక కూడా ఆ అడగడం మానలేదు.

నా పేరు జుబేదా బీ. వయసు అరవై నాలుగు. సొంతూరు రాయచోటి, కాలం చేసిన మహమ్మద్ గౌస్ భార్యను. ఇరవై రెండేళ్లుగా ఈ ఇంటి వంటగది నాది, ఈ ఇంటి పిల్లవాడు బదర్ నా చేతుల్లో పెరిగినవాడు. చదువు లేనిదాన్ని కాబట్టి పక్కింట్లో వంట చేసే కోనసీమ అమ్మాయి విజయదుర్గ చేత రాయిస్తున్నాను. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలని ఒట్టు వేయించుకున్నాను. నా వాయిస్ మెసేజీలు నువ్వు వినడం లేదని ఈ ఇంటి డ్రైవరు రహీమ్ చూసి చెప్పాడు. వేలిముద్ర వేసిన కాగితాన్ని ఎట్లా తుడిచేస్తావో చూస్తాను. నువ్వు చదివింది తెలుగు బడిలోనే, అర్థం కాలేదని తప్పించుకోలేవు.

సంగతికి వస్తాను. బదర్ కారు కొనలేదు, కడుతున్నాడు. ముక్కలు ముక్కలుగా పెట్టెల్లో తెప్పించి, మనం మంచం బిగించుకున్నట్టు ఇంటి వెనక రేకుల కింద బిగిస్తున్నాడు. రెండే సీట్లు, పైన కప్పు లేదు. ఎండాకాలమంతా నేను వాడికి చల్లటి లబన్, అదే ఇక్కడి మజ్జిగ, మోస్తూనే ఉన్నాను. ఇంజను కూర్చుంది, రంగు పడింది. మిగిలినవి చక్రాలు, టైర్లు, చక్రం కూర్చునే ఇనుప పీటలు. వాటిని హబ్బులంటారట. అవి పెట్టెల్లో రావట, ఎవరికి వారు వెతుక్కుని ఎంచుకోవాలట. స్నేహితులు తలా ఒక దుకాణం చెప్పారు. వాడు ఎవరి మాటా వినలేదు. అమ్మీ కొడుకు ఉన్నాడు కదా, ఆయనే ఎంచుతాడు అన్నాడు.

నన్ను వాడు అమ్మీ అనడం కూడా నీవల్లే. నువ్వు రాయచోటి నుంచి ఫోన్లో పిలిచేది విని, మాటలు వచ్చేటప్పుడే అది పట్టుకున్నాడు. అన్నం తినిపిస్తూ మన ఇంటి కథలన్నీ వాడికి చెప్పాను. మీ నాన్న మోపెడ్ కొన్న రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఇంట్లో పెద్ద ఆడమనిషని మీ నాయనమ్మను వెనక కూర్చోబెట్టి దర్గా దాకా తిప్పిన కథ మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాడు. ఇప్పుడు నాలుగు నిమ్మకాయలు తెచ్చి ఫ్రిజ్‌లో దాచాడు.

నిన్న పికప్‌లో నీ చక్రాలు దిగాయి, నువ్వు దిగలేదు. పెళ్లి పళ్లేల్లాగా మెరుస్తున్నాయి. బదర్ ఒక్కోదాన్ని తుడిచి ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు. వాడు స్నానానికి పోయినప్పుడు రహీమ్ ఒక టైరును పక్కకు తిప్పి, నా చేతిని దానిమీద పెట్టాడు. పగుళ్లు, ముబీన్. నా మడమల్లాంటి పగుళ్లు. గోరు దూరింది. ఏ ఏడాది తయారైందో చెప్పే అంకెలు ఉండాల్సిన చోట గీకేసి ఉందన్నాడు. అంతటితో అయిపోలేదు. చక్రం రంధ్రాలు నువ్వే పంపిన హబ్బు బోల్టులకు కలవవట. కలవనిదాన్ని కలపడానికి మధ్యలో వేసే ఇనుప బిళ్లలు కూడా సంచిలో వేసి పంపావు. ఈ బిళ్లలతో జోరుగా పోతే బోల్టులు తెగవని ఎవరు చెప్పగలరు అని రహీమ్ అన్నాడు.

నీకు తెలియదని ఎట్లా అనుకోను? పోయిన రంజాన్‌లో ఇఫ్తార్‌కు వచ్చి, ఇదే గేటు ముందు ఇదే రహీమ్‌ను కడిగేశావు. "ఈ దేశంలో టైరు తిరక్కపోయినా ఎండకే చస్తాది భాయ్. ముందు అంకె చూడు, తర్వాత అందం చూడు" అన్నావు. మధ్యలో బిళ్ల వేసివ్వమని వచ్చిన గిరాకీని యార్డు నుంచి తరిమానని గొప్పగా చెప్పుకున్నావు. ఆ పూట నా కడుపు చల్లబడింది. ఇవి పంపింది ఆ మనిషేనా?

నిన్నటి నుంచి కూరలో ఉప్పు వేశానో లేదో తెలియడం లేదు. ఏమైందని మామా, బదర్ వాళ్లమ్మ, అడుగుతోంది. టైర్లు బాగలేవని బదర్‌కు చెప్పి చూశాను. నవ్వాడు. నీ కొడుకు చూసి పంపినవాటికి నువ్వే వంక పెడితే ఎట్లా అమ్మీ అన్నాడు. ఇంకొక్క మాట ఎక్కువ చెప్తే నా కొడుకు కావాలనే పంపాడని నేనే చెప్పినట్టవుతుంది. చెప్పకపోతే శుక్రవారం జుమా నమాజు అయ్యాక వాడు వాటిమీదే రోడ్డెక్కుతాడు. ఒక పక్క నీ పేరు, ఒక పక్క వాడి ప్రాణం. మధ్యలో ఆ ఇనుప బిళ్లలా బిగుసుకుని నేను.

తెలిసి పంపావా, యార్డులో ఎవరైనా మార్చేశారా అని అడగను. అడిగితే నువ్వు చెప్పేస్తావని భయం. కానీ ఆ ఇఫ్తార్ రోజు చేయి కడుక్కుంటూ నువ్వన్నది నా చెవిలోనే ఉంది. "వానికి అమ్మ దక్కింది, నాకు నువ్వు పంపిన కార్గో పెట్టెలు దక్కినాయి." విజయదుర్గ ఇక్కడ కలం ఆపి, ఇది కూడా రాయమంటారా అండీ అంటోంది. రాయమ్మా, అది రాయకపోతే ఈ ఉత్తరం దేనికి?

విను. నీ పాలపళ్లు ఊడటం మీ పిన్ని నూర్ బీ చూసింది, వాడివి నేను చూశాను. నువ్వన్నది నిజమే. నిజమైన కోపాన్ని నా ముఖం మీద అను, కూర్చుని వింటాను, ఒక్క మాట అడ్డం చెప్పను. నాతో ఉన్న తగవును తీసుకుపోయి వాడి చక్రాల్లో బిగించకు. వాడు నీ దగ్గర నుంచి నన్ను లాక్కోలేదు. ఊయలలో ఉన్నవాడు ఎవరిని లాక్కుంటాడురా?

గురువారం సాయంత్రం అసర్ నమాజు లోపల వచ్చి అవి తీసుకుపో. హబ్బుకు తగిన చక్రమన్నా తే, చక్రానికి తగిన హబ్బన్నా తే. మధ్యలో బిళ్ల వద్దు. టైరు మీది అంకె రహీమ్ చదివి నాకు వినిపించాలి. బదర్ అడిగితే పొరపాటు జరిగిందను. నమ్ముతాడు. నువ్వేం చెప్పినా నమ్ముతాడు, నా భయమంతా అదే.

తిట్టినా నీదే అయిన,
నీ అమ్మీ

జుబేదా బీ, ఎడమ బొటనవేలి ముద్ర
సాక్షులు: రహీమ్, డ్రైవరు
విజయదుర్గ, ఈ ఉత్తరం రాసినది

తా.క. ఇది ముద్ర వేశాక గుర్తొచ్చిన మాట కాదు, దాచిన మాట. నిమ్మకాయలు తెచ్చినవాడు మిగతా కథ మరిచిపోతాడా? ఆ రెండో సీటు నాదట. ఇంట్లో పెద్ద ఆడమనిషి ఎక్కందే బండి రోడ్డెక్కదని పట్టుబట్టి, బెల్టు సరిపోతుందో లేదోనని నా నడుము కొలత కూడా తీసుకున్నాడు. మోకాళ్లు నొప్పులని తప్పించుకుందామనుకున్నాను. నీ చక్రాలు చూశాక సరేనన్నాను. నేను పక్కనుంటే మెల్లగా నడుపుతాడు, అదొక కారణం. రెండోది విజయదుర్గ చేత రాయించను. గురువారం నువ్వు వచ్చినా, రాకపోయినా శుక్రవారం నేను ఎక్కుతాను. నా కొడుకు ఎంచిన చక్రాలు కదా.