ఊడలు దిగే రోజులు

మంగళవారం, జూలై 1996

ఈ రోజు మనసు తేలికపడింది. మధ్యాహ్నం మా ఆయనకు అన్నం పట్టుకుని జూబ్లీహిల్స్ బడికి వెళ్లాను. కంప్యూటర్ గది బయట చెప్పులు విడిచి, తలుపు దగ్గరే నిలబడ్డాను. వానలు మారితే పంట ఎంత వస్తుందో చెప్పే ప్రోగ్రామ్‌ను ఆయన పిల్లలతో రాయిస్తున్నారు. రేపు పెద్దసారుకు అది నచ్చకపోతే క్లాసు ఆపేస్తారట. మా ఆయన ఉద్యోగం కూడా అంతే.

వానంతా మొదట్లోనే కురిసి ఆగిపోయినా వేరుశనగ నిండుగా పండుతుందని తెర మీద వస్తోంది. తప్పెక్కడుందో ఎవరికీ అంతుపట్టడం లేదు.

నాకు నోరెలా వచ్చిందో. "ఎంత వాన పడ్డదని కాదు, ఎప్పుడు పడ్డదని చూడాలె. పూత అయినంక పువ్వుల కాడికెల్లి ఊడలు భూమిలకు దిగుతయి, వాటికే కాయ పడ్తది. అప్పుడు నేల గట్టిగుంటే కాయ యాడికెల్లి వస్తది?" అన్నాను.

నవ్వుతారనుకున్నాను. ఒక అమ్మాయి పెన్ను తీసి, "విత్తినంక ఎన్ని దినాలకు దిగుతయి అక్కా?" అంది. నలభై అన్నాను. ఆ రోజుల వానను వేరుగా లెక్కగట్టేలా మార్చి చూస్తే పంట సగానికి పడిపోయింది.

"ఇంట్ల టీచరమ్మను పెట్టుకొని పుస్తకాలల్ల ఎతుకుతున్న" అన్నారాయన.

నేను చెప్పింది మా నాన్న సాగుచేసే ఎర్రచెలక నేల లెక్క. నల్లరేగడిలో ఎన్ని రోజులో నాకు తెలియదు. రేపు పెద్దసారు అదే అడిగితే... అడిగితే నన్నే పిలుస్తానన్నారు మా ఆయన. నీలం చీర తీసి పెట్టుకున్నాను.