ఎడమవైపు చిటపట

భీమవరం,
8-3-1998

డోలు వీరభద్రుడు గారికి,

బస్టాండు దగ్గర కారు టేపులు బాగుచేసే మెకానిక్కునండి. ఎడమ స్పీకర్లో చిటపట వస్తోందని మీ అన్నగారు వ్యాను మూడోసారి తెచ్చారు. మొదట ఎర్త్ వైరు మార్చాను, తర్వాత స్పీకరే మార్చాను. నాకైతే ఏ శబ్దమూ వినిపించలేదు. నిన్న ఇంజను ఆపి, టేపు ఊడదీసి చేతిలో పట్టుకుని, "ఇప్పుడో గురువుగారూ?" అన్నాను. "అదిగో, వస్తూనే ఉంది కదయ్యా" అన్నారు.

లోపం వ్యానులో లేదండి, ఆయన చెవిలో ఉంది. నా పెళ్ళికి సన్నాయి వాయించిన మనిషికి ఆ మాట చెప్పలేక, కొత్త స్పీకరు రావడానికి వారం పడుతుందని అబద్ధమాడాను. ఈలోగా మీరే ఏదో వంక పెట్టి చెవుల డాక్టరుకి చూపించండి.

వెళ్తూ నాకో కేసెట్టు ఇచ్చారు. "మొన్న శివరాత్రికి పట్టిసీమలో మేం వాయించింది. వ్యానులో వింటే శ్రుతి తప్పినట్టుంది. స్పీకరు వల్లేగా?" అని అడిగారు. అవునండి అన్నాను.

ఆయన వెళ్ళాక షాపులో పెట్టి విన్నాను. నాకు సంగీతం రాదు, అయినా తెలిసిపోయింది. పక్కనే కూర్చుని డోలు వాయించిన మీకు ఆ రోజే తెలిసుండాలి కదండీ.