కార్పెట్ వేసిన జీపు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన జీపులో కొత్త మోడల్ వచ్చిందని పోయిన నెల మన అమ్మాయి నన్ను గుంటూరు షోరూముకి తీసుకెళ్లింది. చూశాక ఒళ్లు మండింది. లోపలంతా కార్పెట్. ముందు టీవీలాంటి తెర. మనం మిరపకాయ బస్తాలు వేసే చోట మెత్తటి సీట్లు.

"నల్లరేగడిలో ఆగిపోతే ఎవరు బాగుచేస్తారు?" అని అడిగాను.

"కంప్యూటర్ పెట్టి చూడాలండి, ఇక్కడికే తేవాలి," అన్నాడు సేల్స్‌మన్. "అయినా ఇప్పుడు పొలానికి ఈ బండి ఎవరు కొంటున్నారండీ?"

"మేం కొన్నది పొలానికే. మాలాంటోళ్లు తిప్పితేనే దీనికి పేరొచ్చింది. ఆ పేరుంచుకుని మమ్మల్ని దింపేశారు," అన్నాను.

మన పొలంలో కూలికొచ్చే సీతమ్మకి పురిటి నొప్పులొచ్చిన రోజు, బురదలో ఆగిన జీపుని నువ్వు కట్టుతీగతో బాగుచేసి ఆసుపత్రికి చేర్చావు. అతనికి అది చెప్పాలనిపించలేదు.

ఇంటికొచ్చి మెకానిక్‌ని పిలిపించి, మన పాత జీపు ఇంజను బాగుచేయించాను. నువ్వు నేర్పుతానన్నన్నాళ్లూ భయమని తప్పించుకున్న డ్రైవింగ్ అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. నిన్న మిరప కోతకి కూలీలను నేనే పొలానికి తీసుకెళ్లాను.

బ్రేకు నాకు అందదు. సీటు మాత్రం ముందుకు జరపలేదు. నీ కొలతకే ఉంచి, వీపు వెనక దిండు పెట్టుకున్నాను.