నాయన చెప్పిన జవాబు

అమ్మా,

నీ సంవత్సరీకం నాడే నాయనకు ఊపిరాడక చింతామణి ఆసుపత్రికి తీసుకొచ్చాను. ఆక్సిజన్ మంచం ఒకటే ఖాళీ. బెంచీ మీద ఇంకో పెద్దాయన కూడా రొప్పుతున్నాడు. కరోనా టీకా వేయించుకోనివాళ్ళకు మంచం ఆఖర్నే ఇస్తారని బయట అనుకుంటున్నారు.

"టీకా ఏయించుకొనుండారా అప్పా?" అని నర్సు ఇద్దర్నీ అడిగింది. ఆ పెద్దాయన అవునని తలూపాడు.

ఊళ్ళో టీకాలు వేసిన రోజు మన పట్టుపురుగులు చివరి మేతలో ఉన్నాయి. ఇద్దరికీ జ్వరమొస్తే ఆకు వేసే దిక్కుండదని, "నువ్వు పో పాపా, పురుగుల్ని నేను చూసుకుంటా" అని నాయన నన్ను టీకాకు పంపాడు. తర్వాత తను వెళ్ళనే లేదు.

నేను నోరు తెరిచేలోపే నాయన ఎగశ్వాసలోనే గర్వంగా చెప్పాడు: "మా పాప ఏయించుకొనుండాదమ్మా."

నర్సు డాక్టరు గదిలోకి వెళ్ళింది. మంచి జవాబే చెప్పానన్నట్టు నాయన నావైపు చూస్తున్నాడు. ఆ తలుపు తెరుచుకుంటుందంటేనే భయంగా ఉందమ్మా.