నెర్మిన్ ఉత్తరం మీద ఎర్ర సిరా

కల్వకుర్తి

చిరంజీవి అక్షితకు అవ్వ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం, నా మోకాళ్లు తప్ప. అవి నా మాట వినడం మానేశాయి. టర్కీలో, ఆ ఇజ్మీర్‌లో నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటాను.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. కంటి ఆపరేషన్ బాగానే అయింది. ఇప్పుడు మీ అమ్మ ఇల్లు ఎట్లా ఊడుస్తుందో కూడా కనిపిస్తోంది.

రెండోది, నువ్వు వదిలిపోయిన టర్కీ వ్యాకరణం. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని, విభక్తులకు భయపడతానా అనుకున్నాను. మన వాక్యంలాగే వాళ్లకూ క్రియ చివరికే వస్తుందంటే సంతోషించాను. ఇంతలో ‘ఇంట్లో’ అంటే ‘ఎవ్‌దే’, ‘బళ్లో’ అంటే ‘ఒకుల్‌దా’ అన్నారు. ఒకే ‘లో’, ఒకచోట ‘దే’, ఇంకోచోట ‘దా’! ముందున్న అచ్చును బట్టి మారుతుందట. ఇల్లు మారినప్పుడల్లా పేరు మార్చుకునే కిరాయిదారును నేనెక్కడా చూడలేదు. ఇక మన ‘కి’ చోట వాళ్లు పెట్టే ప్రత్యయం చతుర్థో షష్ఠో తేలక రెండు రోజులు అన్నం సహించలేదు.

మూడోది, నువ్వు చేసుకుంటానంటున్న ఎమ్రే వాళ్లమ్మ నెర్మిన్, మీ బాపుకు టర్కీ భాషలో రాస్తే, తెలుగు చేసి ఇమ్మని నువ్వు నాకు పంపిన ఉత్తరం. “ఇచ్చినవా అవ్వా?” అని అడుగుతూనే ఉన్నావు. అర్థం కాలేదు, అయ్యాక ఇస్తానని ఫోనులో చెప్పాను. అబద్ధం. చదివిన మొదటి రోజే అర్థమైంది. ‘కిజినిజి ఓలుముజా ఇస్తియోరుజ్.’ మీ అమ్మాయిని మా అబ్బాయికి అడుగుతున్నాం. మాటకు మాట తెలుగు వరసే. దాక్కోవడానికి సందు కూడా లేదు.

చేతిలో ఎర్ర పెన్ను ఉంది. నా అలవాటు పాడుగాను, ఒక్కో మాట కింద అర్థమూ విభక్తీ రాసుకుంటూ పోయాను. చివరి క్రియ దగ్గరికొచ్చి ఇంటూ కొట్టాను. ఎందుకు కొట్టానో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఉత్తరాన్ని నిఘంటువులో దాచాను.

నిన్న కరెంటు బిల్లు వెతుకుతూ మీ బాపు దాన్ని బయటికి తీశాడు.

“గిదేందమ్మా? పిల్లనడిగినోళ్ల ఉత్తరానికి మార్కులేసినవా?”

నేను కింద రాసిన అర్థాలు రెండుసార్లు చదివి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“పిల్లకు ఇష్టమేనా?”

“ఇష్టమేరా. నెలసంది నా పానం తీస్తాంది, నీకు చెప్పుమని.”

“మరి గీ ఇంటూ ఏంది? గాళ్లు తప్పు రాసిన్రా?”

“లేదు. వాక్యం సక్కగనే ఉంది.”

“సక్కగుంటె టిక్కు పెట్టు. ఊరి పిల్లలందరికి నేర్పినదానివి, నీకు నేను చెప్పాల్నా?”

పెట్టాను. నా దిద్దుబాటును నేనే దిద్దుకోవడం ఇదే మొదలు. మనసుకు సంతోషమో దిగులో మాత్రం ఇంకా తేలలేదు.

వాళ్లను రమ్మను. ఇది మీ బాపు మాట, నేను కలిపింది కాదు. వచ్చేలోపు నెర్మిన్‌ను అడిగి నాకొకటి రాయి: వాళ్ల ఆ ‘కి’ చతుర్థా, షష్ఠా?

ఇట్లు,
ఎర్ర పెన్నుకు మూత పెట్టేసిన మీ అవ్వ,
సుగుణమ్మ