వెల్లువ రాయి గీత

బళేపేట, బెంగుళూరు
9-10-1946

చి. అశ్వత్థప్పకు అవ్వ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా.

పెన్న ఒడ్డున ఇల్లు తీసుకున్నామనీ, వాకిలి ముందరి వెల్లువ రాయి మీద పాత వరద నీటి ఎత్తు చూపే గీత మోకాటి ఎత్తునే ఉందనీ, మీ అరుగు దానికన్నా ఎత్తనీ రాశావు. ఆ గీతను నమ్మవద్దు. మీ ఊరి రాతిపని కదిరప్ప ఈ ఉదయం వచ్చి, ఆ రాయిని తానే బాగుచేశానని చెప్పాడు.

“ఒరిగిపోయి ఉండె అవ్వా. పెరికి, కడిగి, మళ్ళా నిలబెడితిని. అక్షరాలకు రంగు కూడా కొడితిని.”

“ఎంత లోతు పాతితివి?”

“ముందుకన్నా రెండు మూరలు ఎక్కువే. ఇంక ఏనుగు గుద్దినా కదలదు.”

“గీత కూడా రెండు మూరలు దిగిపోయింది కదప్పా?”

“గీతను ఎవురు చూస్తారవ్వా? రాయి బాగుండాదని అందరూ అనిరి.”

ఆ గీత గీయించిన వెల్లువ నాటికి నేను అక్కడే కాపురమున్నాను. నీళ్ళు తగ్గిన మర్నాడు గీసిన గీత నా భుజానికి వచ్చింది. అంత నీరు మళ్ళీ వస్తే మీ ఇంట్లో నడుముదాకా ఉంటుంది. నీ పెండ్లాం సరోజకు తొమ్మిదో నెల. నంది కొండల మీద మూడు రోజులుగా వాన. ఆ నీళ్ళన్నీ మీ ఏటికే రావాలి.

టపా ఆలస్యమని ఈ కార్డు కదిరప్ప చేతికిచ్చి సాయంత్రం రైలుకు పంపుతున్నాను. కాన్పయ్యాక సరోజకు పెట్టే బాలింత కాయం మందు డబ్బా కూడా తెస్తాడు, తడి తగలనివ్వకు. ఆ కొత్త ఇంటికి పాలు పోసేవాళ్ళున్నారా? ఏమైనా ఆ ఇల్లు వదలండి, మెరక మీది పై వీధిలో ఒక్క గది దొరికినా చాలు. సరోజను ముందు పంపు. సామాను కదిరప్ప మోస్తాడు. నీ జాబు మీద ఆ వీధి పేరు చూసేదాకా నాకు నిద్ర లేదు.

మీ అవ్వ,
సుబ్బలక్ష్మమ్మ